పాత స్విఫ్ట్‌కి జెనాన్ ప్రొజెక్టర్లు: సెల్లార్‌లో రాసుకున్న డైరీ

దసరా సెలవులు: ముందు ఉన్నదేంటో చూసుకోవాలి

బండి 2007 మోడల్ స్విఫ్ట్, పెట్రోల్. ఇంజిన్‌కి ఢోకా లేదు, ఏసీ చల్లగానే ఉంది, లైట్లే గుడ్డివైపోయాయి. సిటీలో తిరిగినంతసేపూ ఆ సంగతి తెలియదు. మాదాపూర్, గచ్చిబౌలి రోడ్ల మీద వీధిదీపాలతోనే పని జరిగిపోతుంది, హెడ్‌లైట్ వేశామో లేదో కూడా గుర్తుండదు. అప్పా జంక్షన్ దాటి చేవెళ్ల వైపు పోతే అప్పుడు బండారం బయటపడుతుంది. మర్రిచెట్ల కింద చీకటి చిక్కగా ఉంటుంది. ఎదురొచ్చే లారీవాడు హైబీమ్ దించడు. అది దాటిపోయాక రెండు మూడు సెకన్లపాటు రోడ్డు అంచు ఎక్కడుందో అంచనా మీదే నడపాలి.

ఏదైనా కొనేముందు మల్టీమీటర్ బయటికి తీశాను. ఇంజిన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. లైట్లు వేసి, హెచ్4 (లో, హై రెండు ఫిలమెంట్లూ ఒకే బల్బులో ఉండే రకం) కనెక్టర్ వెనక నుంచి మీటర్ సూదులు పెట్టి చూస్తే 12.3. మిగతాదంతా పదిహేనేళ్లు దాటిన స్విచ్చు, సన్నటి తీగలు, తుప్పు పట్టిన కాంటాక్టులు మింగేస్తున్నాయి. ఫిలమెంట్ బల్బుతో వచ్చే చిక్కేమిటంటే వోల్టేజి 10 శాతం పడితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది.

కాబట్టి మొదటి పని రిలే హార్నెస్. బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి తీగ, దగ్గరలోనే ఫ్యూజు, మధ్యలో రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసే స్విచ్చులు. డాష్‌బోర్డు స్విచ్చు ఇక రిలేని కదిపితే చాలు, బల్బు కరెంటంతా మోయక్కర్లేదు. పాత హాలోజెన్ బల్బులతోనే తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. లైట్లు మసకగా ఉన్నాయని ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే: రిలే వేయించండి, హెడ్‌లైట్ అద్దం పాలిష్ చేయించండి, మంచి కంపెనీ 60/55 వాట్ల బల్బులు వేసుకోండి. చాలామందికి అక్కడితో పని అయిపోతుంది. నాది అక్కడ ఆగలేదు. ఫిలమెంట్ బదులు జెనాన్ వాయువులో విద్యుత్ మెరుపు (ఆర్క్)తో వెలిగే బల్బులు, వాటికి ముందు కటకం ఉండే ప్రొజెక్టర్లు, అక్కడిదాకా పోయానంటే అవసరం కొంత, సరదా ఎక్కువ.

రాణిగంజ్

స్పేర్ పార్టుల కోసం రాణిగంజ్ వెళ్తే ప్రతి దుకాణంలోనూ ఒకటే మాట.

"ప్రొజెక్టర్ లొల్లి ఎందుకన్నా? కిట్టు తీస్కో. పది నిమిషాల్ల పెట్టిస్త. ఎనిమిది వేల కెల్విన్, మస్తు తెల్లగుంటది."

ఆ కిట్టంటే జెనాన్ బల్బుకి హెచ్4 అడుగు అతికించి, పాత రిఫ్లెక్టర్‌లోనే గుచ్చేసే సరుకు. రోడ్ల మీద మన కళ్లు పొడుస్తున్నవాటిలో ఇవి చాలానే ఉంటాయి. హెచ్4 హాలోజెన్ బల్బుని చేతిలోకి తీసుకుని దగ్గరగా చూడండి. లోబీమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. కిందివైపు పోయే వెలుగుని అది ఆపేస్తుంది. రిఫ్లెక్టర్ వంపులన్నీ ఆ ఫిలమెంట్ ఉన్న చోటుకి, ఆ దొప్పకి లెక్కగట్టి పోసినవి. అక్కడ వేరే ఆకారంలో, రెండు మూడు రెట్లు వెలుగిచ్చే ఆర్క్‌ని పెడితే ఆ లెక్కంతా తప్పుతుంది. వెలుగు అన్నివైపులా చిమ్ముతుంది. నడిపేవాడికి బానెట్ ముందు తెల్లగా కనిపించి మురిసిపోతాడు, దూరంలో ఏమీ కనపడదు, ఎదుటివాడికి మాత్రం నరకం.

రంగు గురించి కూడా అక్కడే కాసేపు వాదన నడిచింది. కెల్విన్ అంటే వెలుగు రంగుకి కొలత, ల్యూమెన్ అంటే వెలుగు ఎంతో చెప్పే కొలత. కార్ల కంపెనీలు జెనాన్ వేసినప్పుడు వాడేది 4300 కెల్విన్ దరిదాపుల్లో. ఆ దగ్గరే డీ2ఎస్ రకం జెనాన్ బల్బు 35 వాట్లకి 3200 ల్యూమెన్ల దాకా ఇస్తుంది. హెచ్4 లోబీమ్ 55 వాట్లు తాగి ఇచ్చేది 1000. కెల్విన్ పెంచుకుంటూ పోతే రంగు నీలానికి తిరుగుతుంది, వెలుగు తగ్గుతుంది, వానలో రోడ్డు అసలే కనపడదు. 8000 అంటే షోకు తప్ప చూపు కాదు. దుకాణం భాయ్ నవ్వి, "నీ ఇష్టమన్నా, 4300 అడిగెటోళ్లు తక్కువ" అన్నాడు.

ప్రొజెక్టర్‌లో జరిగేది వేరు. లోపల గిన్నెలాంటి ఎలిప్టికల్ రిఫ్లెక్టర్, దాని మొదటి ఫోకస్ దగ్గర బల్బు. వెలుగంతా రెండో ఫోకస్ దగ్గర కలుస్తుంది. సరిగ్గా అక్కడే ఒక లోహపు రేకు నిలబడి ఉంటుంది, దాన్ని షీల్డ్ అంటారు. ముందున్న కుంభాకార కటకం ఆ బొమ్మని తలకిందులు చేసి రోడ్డు మీద వేస్తుంది. షీల్డ్ ఆపేసిన కింది సగం రోడ్డు మీదికొచ్చేసరికి పై సగమవుతుంది, అంటే ఎదుటివాడి కళ్లుండే ఎత్తు. ఆ గీతకి పైన చీకటి, కింద పట్టపగలు. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో జెనాన్ మొదటిసారి మామూలు అమ్మకపు కార్లలోకి వచ్చింది. అప్పుడది లోబీమ్‌కే. ఒకే బల్బుతో లో, హై రెండూ ఇచ్చే బై-జెనాన్ ఆ దశాబ్దం చివర్లో వచ్చింది. అందులో సోలెనాయిడ్ అనే చిన్న విద్యుదయస్కాంతం షీల్డ్‌ని కిందికి లాగుతుంది, అంతే తేడా.

చివరికి తీసుకున్నవి: రెండున్నర అంగుళాల డీ2ఎస్ బై-జెనాన్ ప్రొజెక్టర్ల జత, 4300 కెల్విన్ బల్బులు, 35 వాట్ల బ్యాలస్టులు (జెనాన్ బల్బుకి కావాల్సిన కరెంటు అందించే డబ్బాలు), ఇవి కాక ఇంకో జత హెడ్‌లైట్ అసెంబ్లీలు. బండితో వచ్చినవాటి జోలికి పోలేదు, గుడ్డలో చుట్టి సజ్జ మీద పెట్టేశాను. తీగలు, సీలెంటు, లక్కరు అన్నీ కలిపి ఖర్చు 22,000 దాటింది. ఇప్పుడు బై-ఎల్ఈడీ ప్రొజెక్టర్లు అంతకంటే తేలిగ్గా బిగించుకోవచ్చు, బ్యాలస్ట్ గొడవ ఉండదు. ఈ రోజు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అవే నయం. నాకు జెనాన్ మీద పాత మోజు.

డబ్బా విప్పగానే చూసుకోవాల్సింది ఒకటుంది. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి వెలుగు గీత ఎడమ సగం కాస్త పైకి లేవాలి, ఫుట్‌పాత్, బోర్డులు కనిపించడానికి. అమెరికా మార్కెట్ సరుకులో అది కుడివైపు లేస్తుంది, అంటే మన దగ్గర సూటిగా ఎదురొచ్చేవాడి మొహంలోకి. డబ్బా మీద ఏం రాసి ఉందని కాదు, షీల్డ్‌ని చూడాలి. ప్రొజెక్టర్ వెనక నుంచి చూస్తే షీల్డ్ కుడి సగం కిందికి ఉండాలి. కటకం దాన్ని అటూ ఇటూ, పైకీ కిందికీ తిప్పేస్తుంది కాబట్టి రోడ్డు మీద ఎడమ పైకి వస్తుంది. దుకాణం కౌంటర్ మీదే తిప్పి తిప్పి చూసి తీసుకున్నాను.

చట్టం సంగతి

ఇష్టం లేకపోయినా ఇది రాయాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఎ కింద అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. యూరప్ నిబంధనల్లోనైతే 2000 ల్యూమెన్లు దాటిన లోబీమ్‌కి ఆటోమేటిక్ లెవెలింగ్ (బండి బరువుని బట్టి లైటు ఎత్తు తనే సరిచేసుకోవడం), అద్దం కడిగే వాషర్ తప్పనిసరి. నా బండిలో అవి రెండూ లేవు. రిస్కు తెలిసే దిగాను. సజ్జ మీది పాత జత అందుకే. బండికి 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ ఒకసారి రెన్యువల్ అయింది, మళ్లీ ఫిట్‌నెస్‌కి వెళ్లేటప్పుడు కంపెనీ లైట్లే బిగించి తీసుకెళ్లాలి.

దీపావళికి ముందు: విప్పడం

స్విఫ్ట్‌లో హెడ్‌లైట్ బయటికి రావాలంటే బంపర్ ఊడదీయాలి. క్లిప్పులు పాతబడి పెళుసుగా ఉంటాయి, రాణిగంజ్‌లోనే గుప్పెడు కొని పెట్టుకోవడం మంచిది.

అసలు పని అద్దాన్ని హౌసింగ్ నుంచి విడదీయడం. లోపల నల్లటి బ్యూటైల్ జిగురు ఉంటుంది, వేడికి మెత్తబడుతుంది. మా ఇంట్లో ఓటీజీ ఓవెన్ ఉంది గానీ హెడ్‌లైట్ దాంట్లో పట్టదు, పట్టినా ఇంట్లో ఒప్పుకోరు. ఏసీ వచ్చిన అట్టపెట్టె తీసుకున్నాను. పక్కన రంధ్రం చేసి హాట్ ఎయిర్ గన్ మూతి దూర్చి, గాలి ప్లాస్టిక్‌కి నేరుగా తగలకుండా మధ్యలో రేకు అడ్డం పెట్టి, లోపల ఓవెన్ థర్మామీటర్ వేలాడదీశాను. స్క్రూలు, మెటల్ క్లిప్పులు, రబ్బరు మూతలు ముందే తీసేయాలి. 100 నుంచి 110 డిగ్రీల మధ్య పది నిమిషాలు. పెట్టె పక్కనుంచి కదలకూడదు, బకెట్టులో నీళ్లు దగ్గర పెట్టుకోవాలి.

బయటికి తీయగానే గ్లవ్స్ వేసుకుని, చదును స్క్రూడ్రైవర్‌తో ఒక మూల లాకు లేపితే జిగురు బెల్లం తీగపాకంలా సాగుతూ వదులుతుంది. తొందరపడితే అద్దం పగులుతుంది. సగం దాకా వచ్చి బిగుసుకుంటే మళ్లీ పెట్టెలో పెట్టడమే. లోపలి వెండిపూత మీద వేలు పడకూడదు. పడితే తుడవాలనిపిస్తుంది, తుడిస్తే పూతే పోతుంది.

కార్తీక మాసం: గోడ మీద గీత

ఈ ప్రొజెక్టర్ల వెనక మర కొట్టిన గొట్టం ఉంటుంది. అది హెచ్4 రంధ్రం గుండా వెనక్కి వస్తుంది, వెనక నుంచి వాషర్, నట్టు వేసి బిగించడమే. కోతలు లేవు. వినడానికి తేలిక. నట్టు బిగిసేకొద్దీ ప్రొజెక్టర్ కూడా వెంట్రుకవాసి తిరుగుతుంది, ఆ కాస్తకే గోడ మీద గీత ఒకవైపు వాలిపోతుంది. అందుకే అద్దం అతికించకముందే, హౌసింగ్‌ని బండిలో కూర్చోబెట్టి, లైటు వేసి గోడ మీద చూస్తూ బిగించాలి.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చివరి గోడకి ఎదురుగా రాత్రి పది దాటాక కుదిరింది. గోడ మీద మాస్కింగ్ టేపు అతికిస్తుంటే వాచ్‌మన్ వచ్చి నిలబడ్డాడు.

"ఏం గీతలు సార్ ఇవి? పెయింటింగా?"

"లైటు ఎత్తు చూడ్డానికయ్యా. పొద్దునకల్లా పీకేస్తా."

"పీకేయండి సార్, ప్రెసిడెంట్ సార్ చూస్తే నన్నంటడు."

బావమరిది బానెట్ పక్కన స్పానర్ పట్టుకున్నాడు, నేను గోడ దగ్గర నిలబడ్డాను. "బావా, ఎడమది తల వంచింది," అంటాడు, పావు చుట్టు వదులు చేస్తాం, ప్రొజెక్టర్‌ని చేత్తో కాస్త అదిమి తిప్పి, మళ్లీ బిగిస్తాం. రెండు గీతలూ టేపుతో సమానంగా కూర్చున్నాక నట్టు మీదుగా రిఫ్లెక్టర్ మీదికి మార్కర్‌తో అడ్డగీత గీశాను, మర్నాడు కదిలిందో లేదో తెలియడానికి. ఆ తర్వాతే వెనకనుంచి ఎపాక్సీ.

అప్పుడే గమనించిందొకటి. కుడి లైటు గీత మధ్యలో చిన్న నల్లటి కొమ్ము కిందికి వేలాడుతోంది. అద్దం లేదు, కటకం తుడిచే ఉంది. బల్బు ఆర్పి, చల్లారాక, టార్చ్ వేసి లోపలికి చూస్తే షీల్డ్ అంచున దారపుపోగంత నలక పైకి నిక్కి ఉంది. కటకం ఫోకస్ సరిగ్గా అక్కడే కాబట్టి అంత నలకా గోడ మీద జానెడై, తలకిందులై కనిపిస్తోంది. చిన్న పట్టకారుతో తీసేశాక గీత కత్తితో కోసినట్టు వచ్చింది. అంచున సన్నటి ఊదా రంగు చార ఉంది. అది కటకం రంగుల్ని విడదీయడం వల్ల వస్తుంది, లోపం కాదు.

గుజరాతీ గల్లీ: రెండు డయోడ్లు

పది రూపాయల సరుకు లేక ఆగిపోయే ప్రాజెక్టులెన్నో, ఆ సరుకు దొరికేది కోఠి గుజరాతీ గల్లీలో. హెచ్4 బండిలో హైబీమ్ వేయగానే లోబీమ్‌కి కరెంటు ఆగిపోతుంది. హాలోజెన్‌కి అది సబబే, ఫిలమెంట్లు రెండు. బై-జెనాన్‌కి బల్బు ఒక్కటే, అది వెలుగుతూనే ఉండాలి. హై వేసినప్పుడల్లా ఆరి మళ్లీ అంటుకుంటే కొద్దిరోజుల్లోనే బల్బు చచ్చిపోతుంది. అందుకని లో, హై తీగల నుంచి చెరో 1ఎన్4007 డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చే ముక్క) తెచ్చి బ్యాలస్ట్ రిలే కాయిల్ దగ్గర కలపాలి, రెంటిలో ఏది వచ్చినా రిలే పట్టుకునే ఉంటుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే క్షణంలో జారిపోకుండా కాయిల్‌కి అడ్డంగా ఒక కెపాసిటర్, అది కాస్త కరెంటు నిలవ ఉంచుకుంటుంది. హై తీగ సోలెనాయిడ్‌కి కూడా వెళ్తుంది.

ఒక జాగ్రత్త. కొన్ని బళ్లలో స్విచ్చు ప్లస్ వైపు ఉంటుంది, కొన్నింట్లో మైనస్ వైపు. డయోడ్ల దిశ దాన్నిబట్టే. ఎవరి బండిలో వాళ్లు మీటర్ పెట్టి చూసుకుని కలపాల్సిందే, ఇంకొకరి ఫోటో చూసి కలపకూడదు.

బ్యాలస్టులు వాన నీళ్లు, ఇంజిన్ వేడి రెండూ తగలని చోట బిగించాను. బల్బు అంటుకునే క్షణంలో ఇగ్నైటర్ 20,000 వోల్టులకి పైగా కొడుతుంది, వెలిగాక దాదాపు 85 వోల్టుల దగ్గర నిలబడుతుంది. లైటు వేసి ఉండగా అటు చెయ్యి పెట్టే పని లేదు. మొదటిసారి వేసినప్పుడు నీలంగా చిట్లి, గులాబీ ఛాయకి తిరిగి, కొన్ని సెకన్లకి తెల్లగా నిలబడింది. బావమరిది ఈల వేశాడు.

అద్దం, సీలింగ్

800, 1500, 2000 నంబర్ల నీటి ఎమరీలు వరసగా, తర్వాత పాలిష్. కంపెనీ యూవీ పూత పోయాక ఉత్త పాలిష్‌తో వదిలేస్తే మన ఎండలకి కొద్ది నెలల్లో మళ్లీ పసుపెక్కుతుంది, కాబట్టి పెయింటర్ చేత టూ-కే క్లియర్ (గట్టిపరిచే మందు కలిపి కొట్టే పారదర్శక లక్కరు) కొట్టించాను. గాడిలో పాత జిగురు పూర్తిగా తీసి కొత్త బ్యూటైల్ తాడు పరిచి, మళ్లీ వేడి చేసి అదిమి, క్లాంపులు వేశాను. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఇక్కడ వాడొద్దు, ఆ ఆవిరి రిఫ్లెక్టర్ మీద మబ్బులా పడుతుంది. ఫెవిక్విక్ లాంటివీ అంతే. హౌసింగ్ వెనక గాలి గొట్టాలు మూయకూడదు, మూస్తే లోపల చెమ్మ చిక్కుకుంటుంది. హోస్ పైపుతో పావుగంట తడిపి, లైటు వేసి చూశాను, లోపల చుక్క లేదు.

ఎత్తు సరిచేయడం

టైర్లలో గాలి సరిగ్గా, సగం ట్యాంకు పెట్రోలు, డ్రైవర్ సీట్లో మనిషి. సెల్లార్ నేల డ్రెయిన్ వైపు వాలుంటుంది కదా, మేస్త్రీలు వాడే నీళ్ల పైపు లెవెల్‌తో ఆ వాలు ఎంతో చూసి గోడ మీద లెక్కలోకి తీసుకున్నాను. 10 మీటర్ల దూరంలో గీత ప్రొజెక్టర్ మధ్య ఎత్తుకంటే 10 సెంటీమీటర్లు దిగువన ఉండాలి, అంటే 1 శాతం. నేను 13 సెంటీమీటర్లకి దించాను. పది పదిహేను మీటర్ల చూపు తగ్గుతుంది, తగ్గనీ. ఆటో లెవెలింగ్ లేని బండికి ఆ మాత్రం అణకువ ఉండాలి.

తర్వాత బావమరిదిని ఎదురుగా మారుతి 800 సీట్లో కూర్చోబెట్టి లైటు వేశాను. చిన్నకారులో కూర్చున్నవాడి కన్ను కిందికి ఉంటుంది, దానికి తగలకపోతే దేనికీ తగలదు. "లెన్స్ మెరుస్తోంది గానీ గుచ్చట్లేదు బావా," అన్నాడు. ఎన్ని ల్యూమెన్లని ఎవరైనా అడిగితే నేను చెప్పే లెక్క ఇదే.

చేవెళ్ల రోడ్డు, తర్వాత సంక్రాంతి

చేవెళ్ల దారిలో మర్రిచెట్ల మొదళ్ల మీద గీత స్పష్టంగా పడుతోంది. గతుకొస్తే రెండు పక్కలా చెట్ల మీద ఒక్కసారి లేచి దిగుతుంది. దూరం కంటే వెడల్పులో లాభం ఎక్కువ అనిపించింది. మట్టి అంచు, అక్కడ నడిచే మనిషి, అడ్డం రావడానికి చూస్తున్న కుక్క ముందే కనిపిస్తున్నాయి. గీతకి పైన మాత్రం నిజంగానే చీకటి. చెట్టుకి కట్టిన బోర్డులు హై వేస్తేగానీ చదవలేం. హాలోజెన్‌కి అలవాటుపడ్డ కంటికి అది కొన్నాళ్లు వెలితిగా ఉంటుంది.

సంక్రాంతికి ఊరు వెళ్లాలి, హుజూర్‌నగర్ పక్కన. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సంచులు, పైగా బియ్యం బస్తా తెచ్చుకునే ప్రోగ్రాం. బండి వెనక కుంగితే ముందు లైటు లేస్తుంది. బయల్దేరేముందు అందర్నీ ఎక్కించి గోడ ముందు ఆపాను. "ప్రయాణమా, పరీక్షా?" అని మా ఆవిడ అడిగింది. గీత ఏకంగా ప్రొజెక్టర్ ఎత్తుకి పాకింది. అడ్జస్టింగ్ స్క్రూ రెండు వైపులా తిప్పి కిందికి దించి, ఎంత తిప్పానో చీటీ మీద రాసి గ్లవ్ బాక్సులో పెట్టాను. విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర ఎప్పటిలా జనసముద్రం, అక్కడ లైట్లతో పనే లేదు. కోదాడ దాటి లోపలి రోడ్డెక్కాక వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ గడ్డి మోపుతో పోతుంటే చాలా ముందే కనపడింది. ఎదురొచ్చినవాళ్లెవరూ నా మీదికి డిప్పర్ కొట్టలేదు.

ఇంకా మిగిలినవి

డిప్పరే ఇప్పుడున్న తలనొప్పి. పగలు లైట్లు ఆపి ఉన్నప్పుడు డిప్పర్ కొడితే చల్లటి జెనాన్ అంటుకుని సెకనులో ఆరిపోతుంది, బల్బు ఆయుష్షు తగ్గుతుంది. అలా జరగకుండా హై వైపు డయోడ్‌ని పార్కింగ్ లైటు వేసి ఉంటేనే పనిచేసే రిలే గుండా తిప్పాను. ఇప్పుడు పగలు డిప్పర్ లాగితే ముందు టక్‌మని షీల్డ్ కదిలిన చప్పుడొస్తుంది, వెలుగు రాదు. హైదరాబాద్‌లో ఎలాగూ హారన్‌తోనే బతుకుతాం గానీ హైవే మీద ఓవర్‌టేక్‌కి ఇది కుదరదు. గ్రిల్ వెనక చిన్న హాలోజెన్ జత పెట్టి, ఆ తీగని డిప్పర్‌కి మాత్రమే కలపాలని ఆలోచన. బ్రాకెట్ కొలతలు తీసుకున్నాను. ఎఫ్ఎం రేడియోలో బ్యాలస్ట్ గుర్రుమంటోంది, దాని గ్రౌండ్ తీగని బాడీకి కాకుండా బ్యాటరీ మైనస్‌కి మార్చి చూడాలి. ఈ రెండూ వచ్చే ఆదివారం పని.